పవర్ స్టేషన్ సాకెట్లు పనిచేయకపోతే ముందు ఏం చూడాలి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీది రేకుల షెడ్డులో 500 వాట్ల పోర్టబుల్ పవర్ స్టేషన్ ఒకటి, అంటే బ్యాటరీ, ఇన్వర్టరు కలిసి ఉన్న పెట్టె, పెట్టుకున్నాను. ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) తిప్పడం దాని వల్ల అయ్యే పని కాదు. కరెంటు పోతే లైటు, టేబుల్ ఫ్యాను, ఫోన్లు, డీవో మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచేది) ఛార్జింగు, అంతవరకే. మూడేళ్లలో ‘పెట్టె పోయింది’ అని నాకు పదిసార్లయినా కబురు వచ్చి ఉంటుంది. నిజంగా పోయింది ఒక్కసారే.

పెట్టె మీద ఏసీ సాకెట్లకు (ఇంటి కరెంటు లాంటివి), యూఎస్‌బీకి, కారు సాకెట్టుకు (కార్లలో ఉండే 12 వోల్టుల గుండ్రటి సాకెట్టు) సాధారణంగా వేర్వేరు బటన్లుంటాయి. తెర వెలిగినంత మాత్రాన అన్నీ ఆన్ అయినట్టు కాదు. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

మొదటి ఏడాది నన్ను బాగా ఏడిపించింది ఐదు వాట్ల బల్బు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి డీవో చూడటానికి మూడింటికి లేస్తాం. లేచి చూస్తే షెడ్డంతా చీకటి, బ్యాటరీ మాత్రం 80 శాతం! ఇన్వర్టరు ఊరికే తిరిగితే బ్యాటరీ తినేస్తుందని, లోడు మరీ తక్కువైతే కాసేపటికి ఏసీని కట్టేసే ఏర్పాటు చాలా పెట్టెల్లో ఉంటుంది. దాన్నే ఎకో మోడ్ అంటారు. సెట్టింగుల్లో దాన్ని తీసేయవచ్చు. నేను యూఎస్‌బీ బల్బుకు మారాను, బ్యాటరీ కూడా కలిసివచ్చింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఓవర్‌లోడు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను రోజుల్లో పెట్టెను ఇంటికి తెస్తే, మా బావమరిది దానికి 750 వాట్ల మిక్సీ తగిలించాడు. పచ్చడి నలగలేదు, ఏసీ ఆగిపోయింది. అప్పుడు ప్లగ్గు పీకి, పెట్టె ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆన్ చేస్తే చాలు. మోటారు మొదలయ్యే క్షణంలో రాసిన వాట్లకు కొన్ని రెట్లు లాగుతుందని గుర్తుపెట్టుకోండి. రోహిణి కార్తెలో రేకుల కింద వేడెక్కినా పెట్టె ఇలాగే ఆగుతుంది, నీడలో చల్లారనివ్వండి.

కారు సాకెట్టు పనిచేయకపోతే పెట్టె కంటే ముందు ప్లగ్గును అనుమానించండి. ప్లగ్గు కొసన ఉన్న రింగును తువ్వాలు పరిచి దాని మీదే విప్పండి, స్ప్రింగు గడ్డిలో పడితే ఇక దొరకదు. చాలా ప్లగ్గుల్లో లోపల చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే వెంట్రుకంత తీగ తెగి కనిపిస్తుంది. ఫ్యూజు మూత మీద ఎన్ని ఆంపియర్లని ఉంటే అంతదే వేయండి. రాగి తీగ చుట్టి సరిపెట్టవద్దు. మా వైపు ఉప్పుగాలికి ప్లగ్గు పక్క రేకులకు చిలుము కూడా పడుతుంది. పెట్టె ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక పెట్టాలి.

యూఎస్‌బీకి వేరే కేబుల్ మార్చి చూడండి, చాలు.

ఏసీని పరీక్షించడానికి స్క్రూడ్రైవర్ టెస్టరును నమ్మవద్దు. చాలా పెట్టెల్లో ఏసీకి ఎర్తుతో సంబంధం ఉండదు కాబట్టి అది రెండు రంధ్రాల్లోనూ మినుకుమినుకుమనవచ్చు, అసలు వెలగకపోవచ్చు. మల్టీమీటరును ఏసీలో పెట్టి చూస్తే 230 వోల్టులకు అటూఇటూగా రావాలి. కారు సాకెట్టులో డీసీ 12, 13 వోల్టులుండాలి.

బటన్ ఆన్‌లో ఉంది, లోడు లేదు, పెట్టె చల్లగా ఉంది, అయినా మీటరు సున్నా చూపిస్తోందంటే లోపం లోపలే. మరలు విప్పవద్దు. ఇన్వర్టరు కెపాసిటర్లలో ఆపేశాక కూడా మనిషిని కొట్టేంత వోల్టేజి నిలిచి ఉంటుంది. నాకు అలా జరిగినప్పుడు సర్వీసుకు ఇచ్చేందుకు వారం పట్టింది. ఆ వారమంతా కారు సాకెట్టుకు 12 వోల్టుల బల్బు తగిలించి చెరువు కాపలా కాశాం.