శ్రీకాకుళంలో వాననీటి కాలువలు వెడల్పు చేసే ముందు జాగ్రత్తలు

కొలతలన్నీ మే నెలాఖరుకే ముగించండి. వానలు పడ్డాక కాలువ అడుగు కనిపించదు.

• మొదట చూడాల్సింది కాలువ నాగావళిలో కలిసే చోటు. నది పొంగి, దాని నీటిమట్టం కాలువ నీటికంటే ఎత్తుకు చేరితే నీరు వెనక్కి తన్ని వీధుల్లోకి వస్తుంది. అక్కడ నదివైపే తెరుచుకునే తలుపు లేకుండా ఎగువన ఎంత తవ్వినా వృథాయే. తలుపు మూసుకుపోయిన గంటల్లో ఊళ్లో పడే వాన ఎక్కడ నిలవాలో, ఎన్ని పంపులు తోడాలో కూడా లెక్కలో ఉండాలి. అందుకే ఉన్న చెరువును పూడ్చనివ్వకండి.

• పూడిక తీశాకే కొలవండి. మీటరు వెడల్పు, మీటరు లోతున్న కాలువ సగం పూడితే మోసే నీరు సుమారు 40 శాతానికి పడిపోతుంది.

• 10 హెక్టార్లలో గంటకు 60 మి.మీ. వాన పడి, అందులో 80 శాతం పారితే సెకనుకు 1.33 ఘనపు మీటర్లు వస్తుంది. పెరళ్లన్నీ సిమెంటు అయ్యాయి, పాత గుణకం (వానలో ఎంత వంతు పారుతుందో చెప్పే అంకె) వాడొద్దు.

• పని దిగువ నుంచి ఎగువకే. తిరగేస్తే కింది కల్వర్టు దగ్గరి ఇళ్లు మునుగుతాయి.

• కల్వర్టుల్లో అడ్డంగా పోయే తాగునీటి పైపులు గుర్తించండి. చెత్త అక్కడే పట్టుకుంటుంది.

• మూత కాలువలోకి మనిషిని దింపొద్దు. విషవాయువు ప్రాణం తీస్తుంది.