సినాప్స్ వరస తారుమారు కాకుండా

సినాప్స్ (ఒక నరకణం నుంచి పక్క కణానికి సంకేతం అందే చోటు) దగ్గర ఏది ముందు, ఏది తర్వాత అన్నది పరీక్షలో తారుమారైపోతుంటుంది. 6 చీటీలు చేసి ఒక్కోదాని మీద ఒక్కటే రాయండి: విద్యుత్ సంకేతం ఆక్సాన్ (నరకణం పొడవాటి తోక) చివరికి చేరడం, కాల్షియం లోపలికి రావడం, వెసికిల్స్ (రసాయనం నిండిన చిన్న సంచులు) కణం పొరతో కలిసిపోవడం, న్యూరోట్రాన్స్‌మిటర్ (సంకేతం మోసే ఆ రసాయనం) బయటపడటం, అవతలి కణం రిసెప్టర్లకు (దాన్ని అందుకునే ప్రొటీన్లకు) అతుక్కోవడం, మిగిలింది తొలగిపోవడం. కలిపేసి మళ్లీ వరసగా పేర్చండి.

అసలు పని ఆ తర్వాతే. ఒక చీటీ పక్కన పెట్టి, ఏం ఆగిపోతుందో పైకి చెప్పాలి. కాల్షియం చీటీ తీస్తే, సంకేతం చివరిదాకా వచ్చినా వెసికిల్స్ తెరుచుకోవు. ఆరోది తీస్తే రిసెప్టర్లకు సంకేతం అందుతూనే ఉంటుంది, ఆగదు. కొన్ని పురుగుమందులు దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే.

ఎలక్ట్రికల్ సినాప్స్ ప్రశ్నకు మాత్రం ఈ చీటీలు పనికిరావు. అక్కడ అయాన్లు నేరుగా పక్క కణంలోకి వెళ్లిపోతాయి.