గ్రౌండుకొచ్చే ముందు బాటిల్ వెనక చదువు

తిరుపతిలో తెల్లారి అయిదుకు యూనివర్సిటీ స్టేడియం పక్క పోతే కానిస్టేబుల్ పరుగుకు తయారయ్యే పిలకాయలే కనబడతారు. వాళ్ళ చేత 1600 మీటర్లు పరిగెత్తించడం నా పని. ఈ మధ్య బూట్ల లేసు కట్టుకునే లోపలే ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు మూత టప్పుమంటోంది. ఏందిరా ఇది అంటే "కాళ్ళు తేలిగ్గా ఉంటాయి సార్" అంటారు. తిట్టి లాభం లేదు. తాగేముందు ఏం చూడాలో, ఎట్ట తగ్గించుకోవాలో చెప్తా ఉండాను, వినండి.

ముందు బాటిల్ వెనక్కి తిప్పు. చీమ తలకాయలంత అక్షరాలుంటాయి, ఫోన్ టార్చ్ వేసుకో. మన దేశంలో తిండి భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ఇట్లాంటి డ్రింకులో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్, అంటే కాఫీ, టీల్లో నిద్ర రానీకుండా చేసే పదార్థం, ఉండొచ్చు. అంటే 250 మి.లీ. బాటిల్లో ఎక్కువలో ఎక్కువ 75 మిల్లీగ్రాములు. ఆ పక్కనే ఇంకో వరస ఉంటుంది: పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కెఫీన్ పడనివాళ్ళు, క్రీడాకారులు వాడటం మంచిది కాదని. క్రీడాకారులట! ట్రాక్ మీద నిలబడినోడివి, మరి నువ్వెవరివి నాయనా?

రోజుకు 500 మి.లీ. దాటొద్దని కూడా రాసుంటుంది. "అయితే రెండు తాగొచ్చు కదా సార్" అనేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడు తగులుతాడు. తాగొచ్చో లేదో తేలాలంటే వాడి రోజంతా లెక్క కట్టాలి. హాస్టల్లో కాఫీ, కోచింగ్ సెంటర్ బయట టీ, రాత్రి బిట్లు చదివేటప్పుడు మళ్ళీ టీ, అన్నిట్లోనూ కెఫీనే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు అన్నీ కలిపి రోజుకు 400 మిల్లీగ్రాములు, ఒక్క విడతకు 200 దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. ఇంటర్ చదివే పిలకాయలకు ఈ లెక్క వర్తించదు. వాళ్ళు అసలు ముట్టుకోకూడదు.

కెఫీన్ పరుగుకు బొత్తిగా పనికిరాదని అబద్ధం చెప్పను. కొంత పనిచేస్తుంది. ఆటగాళ్ళు డోపింగ్ చెయ్యకుండా చూసే ప్రపంచ సంస్థ వాడా (WADA) 2004లో దాన్ని నిషేధిత జాబితాలోంచి తీసేసింది కూడా. నా పేచీ అంతా నిద్ర దగ్గర. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనేది పేరుకుంటూ పోతుంది, ఇక పడుకో అని చెప్పేది అదే. కెఫీన్ పోయి దాని చోట్లో కూర్చుంటుంది. అలుపు పోదు, తెలియదంతే. బండికి పెట్రోల్ ముల్లు కనపడకుండా ప్లాస్టర్ అంటించి తోలినట్టు. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కు తాగితే రాత్రి 11కు సగం అట్టనే ఉంటుంది, నువ్వేమో నాలుగున్నరకు లేవాల. ఆ నిద్రమత్తు వదలడానికి పొద్దున్నే ఇంకోటి. మా వాళ్ళలో టైమింగ్ పడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇక గుండె. కెఫీన్ బీపీని పెంచుతుంది, మోతాదు మించితే దడ, చేతుల వణుకు, కడుపులో మంట, ఊరకే కంగారు. తిరుపతి మే ఎండలో పరిగెత్తేవాడికి గుండె అప్పటికే దబదబా కొట్టుకుంటూ ఉంటుంది, ఏది ఎండదెబ్బో ఏది డ్రింకు దెబ్బో తేల్చుకునేలోపల కింద పడతావు. బీపీ ఉన్నా, గుండె లయలో తేడా ఉన్నా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్ళున్నా ఒక్క గుక్క కూడా వద్దు. రోజూ ఏదైనా మందు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి తీరాలి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడినా "కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది లే" అనొద్దు. 108కి ఫోన్ కొట్టండి.

చక్కెర కూడా చూడు. 100 మి.లీ.కి 11 గ్రాములని ఉంటే, 250 మి.లీ. డబ్బాకు 27 దాటింది. షుగర్ ఫ్రీ అయితే చక్కెరే పోతుంది, కెఫీన్ ఎక్కడికీ పోదు. మద్యంలో కలుపుకోవడం ఇంకా ప్రమాదం: ఎక్కిన మత్తు తెలియక ఇంకా తాగుతారు.

మానాలంటే ఒక్కసారిగా ఆపకండి. రోజూ తాగేవాడు టక్కున మానేస్తే ఒక రోజు లోపలే తలనొప్పి, చిరాకు మొదలవుతాయి, వారం పైన కూడా ఉండొచ్చు. మొదటి వారం మధ్యాహ్నం రెండు తర్వాత ముట్టుకోవద్దు. తర్వాత పొద్దుటి బాటిల్లో సగమే తాగి మిగతాది పారబొయ్యి. డబ్బులు పోతాయని బాధపడేవాడు చిన్న కాఫీకి మారొచ్చు. ఆపైన రోజు మార్చి రోజు. పరుగుకు గంట ముందు ఒక అరటిపండు, నీళ్ళు. వచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ, లేదంటే ఇంట్లో అమ్మ కాసే రాగి అంబలి. చెమట బాగా కారిన రోజు ఓఆర్‌ఎస్ ప్యాకెట్, దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాల. దాన్ని ఎనర్జీ డ్రింకులో కలిపిన మహానుభావుణ్ణి కూడా చూశాను.

ఈవెంట్స్ రోజు, అంటే అసలు పరుగు పరీక్ష రోజు మాత్రం కొత్తది ఏదీ ప్రయత్నించొద్దు. రోజూ కాఫీ అలవాటుంటే ఆ కాఫీనే తాగు. పక్కనోడు ప్రేమగా ఇచ్చాడని డబ్బా ఎత్తావంటే, నీ నంబరు పిలిచే వేళకు నువ్వు బాత్రూం లైన్లో ఉంటావు.