మెడ వెనక కొవ్వు మూపురం: లైపోసక్షన్‌కి వెళ్లేవాళ్లకి ఒక నర్సు చెప్పే జాగ్రత్తలు

నేను గుంటూరులో ప్లాస్టిక్ సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుని. మెడ వెనక కొవ్వు మూపురంలా పెరిగిందని వచ్చేవాళ్లు ముందుగా ఖర్చు గురించి అడుగుతారు. నేను ముందుగా అడిగేది మందుల సంచి. ఆయాసానికో, కీళ్ల నొప్పులకో, చర్మానికో ఏళ్ల తరబడి వాడినవన్నీ బల్ల మీద పెట్టమంటాను. లైపోసక్షన్‌కి, అంటే సన్నటి గొట్టంతో కొవ్వు పీల్చే ఆపరేషన్‌కి, పెట్టే గాట్లు కొన్ని మిల్లీమీటర్లే. కానీ కొవ్వు ఎందుకు పెరిగిందో తేల్చకుండా తీయిస్తే వేరు వదిలేసి కలుపు కోసినట్టే.

మన ఊళ్లలో ముందు అనుమానించాల్సింది స్టెరాయిడ్లని. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకున్న పూటకే లేచి తిరిగారంటే అందులో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉండి ఉండొచ్చు. ప్రెడ్నిసలోన్, బీటామెథాసోన్ మాత్రలు చీటీ లేకుండా కొని నెలల తరబడి మింగేవాళ్లున్నారు. పేరు రాయని పొడి పొట్లాలనీ నమ్మకండి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే చర్మం కమలడం, కింద కూర్చుంటే చేతులు ఆనించందే లేవలేకపోవడం, కొత్తగా షుగరు, బీపీ... వీటిలో రెండు మూడు ఉన్నా ముందు ఎండోక్రినాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) చూపించుకోండి. స్టెరాయిడ్ ఎప్పుడూ వాడనివాళ్లలో ఒంట్లోనే కార్టిసాల్ (శరీరం సొంతంగా చేసుకునే స్టెరాయిడ్ హార్మోన్) ఎక్కువగా తయారవుతోందేమో చూస్తారు. రాత్రి 11 గంటలకి 1 మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ మాత్ర వేసుకుని, పొద్దున 8 గంటలకి రక్తం ఇవ్వడం అందులో ఒక పరీక్ష.

ఇది చదివి భయపడి స్టెరాయిడ్ మాత్ర ఈ రోజే ఆపేయకండి, దయచేసి. చాలాకాలం వాడినవాళ్లలో ఆ కార్టిసాల్‌ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా జరగొచ్చు. డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. అలా తగ్గించాక కొన్ని నెలల్లో మూపురం దానంతటదే చాలావరకు కరిగిపోవచ్చు, కత్తి అవసరమే రాకపోవచ్చు.

హెచ్ఐవీ మందుల సంగతి వేరు. మన దేశంలో 2004లో ఉచిత ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) మొదలైనప్పుడు ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ ఒకటి. అది ఒంట్లో కొవ్వు ఉండే తీరునే మార్చేస్తుంది. బుగ్గలు, చేతులు, కాళ్లు చిక్కిపోతాయి. కొందరికి మెడ వెనక కొవ్వు పేరుకుంటుంది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్రమంగా మానేయమంది. మందు మారినా పాత మూపురం అంత తేలిగ్గా పోదు, కాబట్టి వీళ్లకి లైపోసక్షన్ నిజంగా ఉపయోగపడుతుంది. సర్జన్ దగ్గర ఆ సంగతి దాచొద్దు, ఏఆర్‌టీ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు.

ఉబ్బెత్తుగా ఉన్నదంతా కొవ్వు కాదు. నొక్కితే గట్టిగా ఎముక తగిలితే, వెన్ను వంగి ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి. వేలికి అంచు తెలుస్తూ పక్కకి జరిగే మెత్తటి గడ్డ అయితే లైపోమా (మామూలు కొవ్వు గడ్డ) కావచ్చు, దానికి చిన్న కోత చాలు. బ్యూటీ క్లినిక్కుల్లో "కొవ్వు కరిగించే ఇంజెక్షన్" అంటే వద్దనండి. అలా కొవ్వు కరిగించే మందు డీఆక్సీకోలిక్ యాసిడ్‌కి 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది గడ్డం కింది కొవ్వుకే, మెడ వెనక్కి కాదు.

సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ డి.ఎన్.బి. గానీ డిగ్రీ ఉందో లేదో చూడండి. మత్తు డాక్టరు ఎవరో కూడా అడగండి. బోర్లా పడుకోబెట్టి చేసే ఆపరేషన్ కాబట్టి గురక, ఆయాసం ఉంటే ముందే చెప్పాలి. ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు దీన్ని అందం కోసం చేసేదిగా లెక్కేస్తారు, అందుకే అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు పరగడుపున రావాలి కదా అని ఆ పూట మాత్ర మానేస్తుంటారు. అది ప్రమాదం. ఎలా వేసుకోవాలో మత్తు డాక్టరుని అడగండి, కొందరికి ఆ రోజు డోసు పెంచాల్సి వస్తుంది.

థియేటర్‌లోకి వెళ్లకముందే మిమ్మల్ని నిలబెట్టి పెన్నుతో గీతలు గీస్తారు. పడుకుంటే కొవ్వు జరిగి కొలత తప్పుతుంది. తర్వాత సెలైన్‌లో లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు), అడ్రినలిన్ కలిపి కొవ్వులోకి ఎక్కిస్తారు. 1980లలో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ తెచ్చిన పద్ధతి ఇది. అడ్రినలిన్‌కి రక్తనాళాలు ముడుచుకుని నెత్తురు తక్కువగా పోతుంది. మెడ వెనక కొవ్వు పొట్ట కొవ్వులా మెత్తగా ఉండదు, నారలతో బిగిసి ఉంటుంది. అందుకే కొందరు సర్జన్లు ముందు అల్ట్రాసౌండ్ కడ్డీతో దాన్ని వదులు చేసి, ఆ తర్వాత సన్నటి గొట్టంతో పీలుస్తారు. ఆ కడ్డీ వేడికి చర్మం కాలే అవకాశం ఉంది కాబట్టి, చేసి చేసి అలవాటైన చెయ్యి కావాలి. చాలా పెద్దదైతేనో, పీల్చినా రాకపోతేనో కోసి తీస్తారు, అప్పుడు మచ్చ పెద్దదే.

ఇంటికెళ్లాక మొదటి ఒకటి రెండు రోజులు గాట్లలోంచి గులాబీరంగు నీరు కారుతుంది. అది ఎక్కించిన మందునీరే, టెన్షన్ పడకండి. దిండు మీద పాత తువ్వాలు పరుచుకోండి. మెడ వెనక బిగుతు సరిగా పడదని బిగుతు చొక్కా కింద ఫోమ్ ముక్క పెట్టి ఇస్తాం. ఉక్కపోతగా ఉందని దాన్ని తీసేస్తే లోపల ఖాళీలో నీరు చేరుతుంది, సూదితో లాగాల్సి వస్తుంది. చెప్పినన్ని వారాలు వేసుకోండి. స్టెరాయిడ్, షుగరు ఉన్నవాళ్లకి గాయం ఆలస్యంగా మానుతుంది, కుట్లు తీయించుకోవడానికి తొందరపడొద్దు.

ఉన్నట్టుండి వాపు గట్టిపడి పెరిగినా, జ్వరం వచ్చినా, చీము పట్టినా, ఊపిరి అందకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వచ్చేయండి. చర్మం మొద్దుబారినట్టు ఉండటం, అక్కడక్కడ గట్టిగా తగలడం మాత్రం మామూలే, నెలల్లో సర్దుకుంటాయి. అసలు ఆకారం మూడు నుంచి ఆరు నెలలకి గానీ తేలదు. ఈలోపు ఎవరైనా మళ్లీ నొప్పుల ఇంజెక్షన్ చేస్తామంటే, అందులో ఏముందో చీటీ మీద రాసివ్వమనండి.