కొబ్బరి మట్టలు పసుపెక్కితే ఏ లోపం, ఏ ఎరువు?

ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ వైపు తీరపు ఇసుక నేలల్లో పొటాష్ నిలవదు, గట్టి వాన పడితే కిందికి దిగిపోతుంది. అందుకే ముందు ముదురు మట్టలు చూడండి. ఆకును ఎండకెదురుగా పట్టుకుంటే నారింజ చుక్కలు కనబడి, కొసలు కాలినట్టు ఎండితే పొటాష్ లోపం. అంచులు పసుపై, నడుమ పచ్చగా మిగిలితే మెగ్నీషియం. లేతాకులు విచ్చుకోక, కొసలు అతుక్కుని, ముడతలు పడి కురచబారితే బోరాన్.

కాపు చెట్టుకు ఏడాదికి యూరియా 1 కిలో, సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, పొటాష్ 2 కిలోలు. జూన్-జులైలో సగం, సెప్టెంబరు-అక్టోబరులో సగం. ఇసుక నేలైతే మూడు నాలుగు దఫాలుగా వేస్తేనే మేలు. తుపాను వాన ముందు మాత్రం వేయకండి. మొదలుకు 1 నుంచి 1.5 మీటర్ల దూరంలో పాదులో చల్లి, మట్టిలో కలిపి తడి ఇవ్వండి. మెగ్నీషియం లోపానికి మెగ్నీషియం సల్ఫేట్ అరకిలో. బోరాన్‌కు వెలిగారం 50 గ్రాములే. మోతాదు మించితే చెట్టుకే విషం.

పసుపెక్కిన మట్టలు దయచేసి నరకొద్దు. చెట్టు వాటిలోని పొటాష్‌నే లాగి కొత్తాకులకు పంపుతుంది. నరికితే లోపం పై మట్టలకు పాకుతుంది. ఒట్టి పొటాష్ దండిగా వేసినా మెగ్నీషియం అందదు. పాడైన ఆకు మళ్లీ పచ్చబడదు. గుణం కనిపించేది కొత్తగా వచ్చే మట్టల్లోనే, అదీ ఏడాది దాటాక.