దుప్పి తగిలి హ్యాండిల్ వంకర పోతే

శ్రీశైలం ఘాట్‌లో మన్ననూరు దాటాక దుప్పులు ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం వస్తాయి. తగిలి బైక్ పక్కకు పడితే చక్రం నేరుగా, హ్యాండిల్ ఓ పక్కకు ఉంటుంది. చాలా షెడ్లలో ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) మార్చాలంటారు. మార్చేముందు ఇది చేయించి చూడండి.

బండికి సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం యాక్సిల్ నట్, మడ్‌గార్డ్ బోల్టులు, ఫోర్కులను పట్టి ఉంచే కింది క్లాంప్ బోల్టులు కొద్దిగా వదులు చేయాలి. ఊడదీయకూడదు, పై క్లాంప్ బోల్టుల జోలికి పోకూడదు. చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకుని హ్యాండిల్‌ను నిదానంగా నేరుగా తిప్పండి. స్టాండ్ తీసి, ముందు బ్రేక్ పట్టి నాలుగైదుసార్లు కిందికి నొక్కితే ఫోర్కులు సర్దుకుంటాయి. ఆ తర్వాత క్లాంపులు, యాక్సిల్, మడ్‌గార్డ్ వరసగా బిగించాలి. చివరి బిగింపు, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ పానాతో అయితేనే నాకు ధైర్యం.

కొత్త భాగాల ఖర్చు లేదు, కూలి డబ్బులతో అయిపోతుంది.

పక్కనుంచి చూస్తే రెండు గొట్టాలు సమానంగా లేకపోయినా, ఆయిల్ కారుతున్నా, హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో పట్టేసినా ఇది పనిచేయదు. గొట్టం వంగిందన్నమాట, నడపకుండా ఆటో ట్రాలీలో ఎక్కించండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసేవాళ్లు సర్వేయర్ చూసేదాకా ఏదీ విప్పొద్దు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత బండి డ్యామేజీకి డబ్బు రాదు.

దుప్పి ప్రాణంతో ఉంటే ముట్టుకోకుండా అటవీ చెక్‌పోస్టులో వెంటనే చెప్పండి.