కండోమ్ కాథెటర్ ఊడిపోతుంటే ఏం చేశానంటే

నాన్నకు పెట్టే కండోమ్ కాథెటర్ (అంగానికి తొడిగే తొడుగు, మూత్రం దాని గొట్టం ద్వారా బ్యాగులోకి పోతుంది) రాత్రిళ్లు ఊడిపోయి పక్కంతా తడిసేది. టేపు గట్టిగా చుడదామా అంటే నర్సమ్మ వద్దే వద్దన్నారు. చుట్టూ బిగిస్తే రక్తం ఆడక అంగం వాస్తుంది, చర్మం పుండవుతుంది.

అసలు తేడా సైజులో ఉంది. కొలత పట్టీతో చూస్తే ఒక సైజు తక్కువది కావాలని తేలింది. ఇప్పుడు పాతది మెల్లగా చుట్టుకుంటూ తీసి, సబ్బునీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరనిస్తాను. నూనె, పౌడరు, క్రీము రాస్తే జిగురు పట్టదు. వెంట్రుకలు కత్తిరిస్తాను, షేవ్ చేయను. ముందుచర్మాన్ని కడిగాక తప్పకుండా ముందుకు తేవాలి, ఇది చాలామంది మర్చిపోతారు. కొసన ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి తొడిగి, అరచేత్తో కాసేపు మెత్తగా పట్టుకుంటే అతుక్కుంటుంది.

గొట్టం తొడ కింద మెలిపడినా మూత్రం వెనక్కి తన్ని తొడుగు ఊడుతుంది, అదీ చూసుకోవాలి. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే, నేలకు తగలకుండా ఉండాలి. 24 గంటలకోసారి మారుస్తూ చర్మం చూస్తాను. వాపు, నీలం రంగు కనిపిస్తే వెంటనే తీసేసి డాక్టరుకు ఫోన్ చేయాలి. మూత్రం రాక పొట్ట ఉబ్బితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే.